ఊపిరి వదలడం నేర్చుకుందాం: వార్డులో, పంటు మీద, నైట్ డ్యూటీ తర్వాత

ఈ రాత్రి మీకు ఆసుపత్రిలో డ్యూటీ ఉంటే మిగతాది తర్వాత చదవచ్చు, ముందు ఈ ఒక్క పని చేయండి. ముక్కుతో నిండుగా గాలి తీసుకోండి. ఇక చాలు అనిపించిన చోట ఆగకుండా, దాని మీద ఇంకో చిన్న గుక్క తీసుకోండి. ఇప్పుడు నోరు కాస్త తెరిచి, వేడి పాలు ఊదుకునేంత నెమ్మదిగా మొత్తం వదిలేయండి. భుజాలు వాటంతట అవే కిందికి దిగుతాయి. మూడుసార్లు చేస్తే చాలు.

ఇది మనకు కొత్తదేమీ కాదు. కాన్పు కష్టమైన రోజున, బిడ్డ మొదటి ఏడుపు వినపడేదాకా లేబర్ రూంలో ఎవరికీ ఊపిరాడదు. ఏడుపు వినగానే అందరి నోటా ఒకేసారి ‘హమ్మయ్య’ అని వస్తుంది. ఆ హమ్మయ్యే ఈ వ్యాయామం. దీపాలు పెట్టే వేళ ఉసూరుమని నిట్టూరిస్తే ఇంట్లో పెద్దవాళ్లు కసురుకుంటారు గానీ, ఒంటికి ఆ నిట్టూర్పు అవసరం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు కొంతమంది చేత రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు ఇలాగే ఊపిరి తీయించి, ఆ ఫలితాలు 2023లో ప్రచురించారు. అంతే సేపు ధ్యానం చేసినవాళ్లతో పోలిస్తే వీళ్ల మనసు ఎక్కువ తేలికపడినట్టు తేలింది.

నేను కోనసీమలో స్టాఫ్ నర్సుని. ఇక్కడ రాసేవాటిలో యోగా క్లాసులో నేర్చుకున్నవి కొన్ని, వార్డులో నిలబడి నేర్చుకున్నవి ఎక్కువ. నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్లు, 108 సిబ్బంది, హౌస్ సర్జన్లు, ఎవరైనా చేయగలిగినవే చెబుతున్నాను. ‘తెల్లవారుజామున లేచి ఒక గంట కూర్చోండి’ అనే సలహా ఇందులో ఉండదు. రాత్రంతా మేలుకుని, పొద్దున 8 గంటలకు డ్యూటీ అప్పగించి, బస్సెక్కి ఇంటికెళ్లి పిల్లలకు క్యారేజీ కట్టే మనిషికి ఆ మాట చెప్పడం న్యాయం కాదు.

ముందు మీ నాడి మీరే చూసుకోండి

రోజూ ఎంతోమంది నాడి చూస్తాం, మనది మాత్రం చూసుకోం. కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద పెట్టండి. నెమ్మదిగా గాలి తీసుకోండి, నాడి కొంచెం వేగం అందుకుంటుంది. నెమ్మదిగా వదలండి, నిదానిస్తుంది. చిన్న వయసువాళ్లలో ఇది బాగా తెలుస్తుంది. ఈసీజీలో సైనస్ అరిద్మియా అని చూస్తుంటాం కదా, ఊపిరితో పాటు వచ్చే ఆ తేడా ఇదే. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం పట్టు పెరిగి గుండెను నెమ్మదింపజేస్తుంది.

అందుకే నేను చెప్పే పద్ధతులన్నిటికీ మూలం ఒక్కటే. తీసుకునే ఊపిరి కంటే వదిలే ఊపిరి పొడవుగా ఉండాలి. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. టెన్షన్‌లో అది పైపైన, ఛాతీలోనే, ఇంకా వేగంగా నడుస్తుంది. దాన్ని కొద్దిసేపు నిమిషానికి 6కి దింపడమే మన పని. లెక్క సులువు: 4 సెకన్లు తీసుకోవడం, 6 సెకన్లు వదలడం. మొత్తం 10 సెకన్లు. గాలి తీసుకునేటప్పుడు పొట్ట ముందుకు రావాలి, భుజాలు పైకి లేవకూడదు. మొదట్లో 4-6 కష్టంగా ఉంటే 3-4తో మొదలుపెట్టండి. బలవంతం వద్దు.

డ్యూటీలో ఎప్పుడు చేయాలి

ఖాళీ దొరికినప్పుడు చేద్దాం అనుకుంటే ఎప్పటికీ చేయలేరు. ఎలాగూ చేయాల్సిన పనికి దీన్ని ముడిపెట్టాలి. మన పనిలో రోజుకు పదులసార్లు వచ్చేది చేతులు శుభ్రం చేసుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం హ్యాండ్‌రబ్‌కి 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. అంటే హ్యాండ్‌రబ్ రాసుకునేటప్పుడు రెండు మూడు నిదానమైన ఊపిరులు, కుళాయి దగ్గర నాలుగు నుంచి ఆరు. ఒక్క నిమిషం కూడా అదనంగా పోదు. పైగా చేతులు కడగడం కూడా పూర్తిగా అవుతుంది.

ఇలా చేయండి. అరచేతులు రుద్దుకుంటూ 4 లెక్కపెట్టి గాలి తీసుకోండి. చేతుల వెనక వైపు, వేళ్ల సందులు రుద్దుకుంటూ 6 లెక్కపెట్టి వదలండి. బొటనవేళ్లకు, గోళ్ల చివర్లకు మళ్లీ అదే. ఆ కాసేపు నీళ్ల చల్లదనం మీద, చేతుల మీద మాత్రమే ధ్యాస పెట్టండి. తర్వాతి పేషెంటు సంగతి చేతులు ఆరాక ఆలోచించవచ్చు.

రెండోది సెలైన్ దగ్గర. మీరు డ్రిప్ నిమిషానికి 30 చుక్కలకు సరిచేశారనుకోండి, రెండు సెకన్లకు ఒక చుక్క పడుతుంది. రెండు చుక్కలు పడేంత సేపు గాలి తీసుకోండి, మూడు చుక్కలు పడేంత సేపు వదలండి. సరిగ్గా 10 సెకన్లు. సెలైన్ గొట్టం పైన ఉండే డ్రిప్ ఛాంబర్‌లో చుక్క నిండటం, వేలాడటం, తెగి పడటం చూస్తూ ఊపిరి వదులుతుంటే, రాత్రి మూడింటికి కూడా మనసు ఒక చోట నిలుస్తుంది. రేటు సరిగ్గా ఉందా లేదా అన్నది కూడా ఆ నిమిషంలోనే తేలిపోతుంది. డ్రిప్ వేగం మాత్రం డాక్టర్ రాసిన దాన్ని బట్టే ఉండాలి, మన ఊపిరి కోసం దాన్ని మార్చకూడదు. వేరే రేటు నడుస్తుంటే చుక్కలు వదిలేసి గోడ గడియారం ముల్లు చూసుకోండి.

మూడోది మందు చేతిలోకి తీసుకునేటప్పుడు. దీని వెనక నా అనుభవం ఒకటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసేదాన్ని. అక్కడ డిస్టిల్డ్ వాటర్, పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ (మెడ తుంచి వాడే చిన్న మందు సీసాలు) ఒకే ట్రేలో పెట్టేవారు. రెండూ 10 ఎంఎల్ ప్లాస్టిక్‌వే, చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. విడివిడిగా పెట్టమని అడిగితే ‘చూసుకుని తీసుకోవాలి కదమ్మా’ అన్నారు. ఆ రాత్రి రెండున్నరకి యాంటీబయాటిక్ వయల్‌లోని పొడి మందును డిస్టిల్డ్ వాటర్‌తో కలపబోతున్నాను. పక్క బెడ్ పేషెంటు తాలూకు మనిషి ‘సిస్టర్ గారండీ, ఇందాకట్నుంచి పిలుస్తుంటే పలకరేంటండీ’ అని గట్టిగా అరుస్తున్నాడు. ఆంప్యూల్ మెడ తుంచేశాను. సూది లోపల పెట్టాను. అప్పుడు పడింది కన్ను లేబుల్ మీద. పొటాషియం. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందని మనందరికీ తెలుసు. అది పక్కన పెట్టేశాక తెలిసింది, అంతసేపూ నేను ఊపిరి బిగబట్టే ఉన్నానని. పళ్లు కూడా గట్టిగా బిగించి ఉన్నాను.

ఆ ఉదయమే ఒక నియమం పెట్టుకున్నాను, ఇప్పటికీ తప్పలేదు. లేబుల్ చదివేది ఊపిరి వదులుతూనే. ఆంప్యూల్‌ని కంటికి ఎదురుగా పట్టుకోవాలి. ఒక ఊపిరి తీసుకుని, వదులుతూ మందు పేరు, మోతాదు, ఎక్స్‌పైరీ పెదాలు కదిలిస్తూ చదవాలి. ఎవరు అరుస్తున్నా ఆ ఆరు సెకన్లు మనవే. ‘ఒక్క క్షణం అండి, మందు చూస్తున్నాను’ అని చెబితే చాలామంది ఆగుతారు.

ఎవరైనా మీద పడి అరుస్తున్నప్పుడు

నిలబడ్డ చోటే రెండు పాదాలూ నేలకు సమానంగా ఆనించండి. మోకాళ్లు కాస్త వదులు చేయండి. గాలి ఎంత తీసుకున్నామన్నది పట్టించుకోవద్దు, వదలడం మాత్రం పొడవుగా, ముక్కుతోనే, చప్పుడు లేకుండా. నిట్టూర్పులా బయటికి వినపడితే ఎదుటివాళ్లు విసుగనుకుని ఇంకా రెచ్చిపోతారు. ఒక ఊపిరి పూర్తిగా వదిలాకే జవాబివ్వండి. గొంతు దానంతట అదే ఒక మెట్టు దిగుతుంది. చెయ్యెత్తే పరిస్థితి వస్తే మాత్రం ఇవేవీ వద్దు. అక్కడి నుంచి బయటికి వచ్చేయండి, మనుషుల్ని పిలవండి. వైద్య సిబ్బంది మీద దాడులకు మన రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. ఓర్చుకోవడం మన డ్యూటీలో భాగం కాదు.

పంటు మీద పది నిమిషాల ధ్యానం

లంక గ్రామాలకు, అవతలి ఒడ్డుకు వెళ్లి పనిచేసేవాళ్లకి దారిలోనే ధ్యానం చేసుకునే వీలుంది. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ దాటేవాళ్లయినా, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వైపు గౌతమి దాటేవాళ్లయినా పంటు (గోదావరి పాయలు దాటించే పెద్ద ఇంజిన్ పడవ) ఎక్కాక చేయగలిగిందేమీ ఉండదు. ఆ సమయంలో ఫోన్ తీయకుండా ఉంటే చాలు, సగం పని అయినట్టే.

అంచుకు దూరంగా, పట్టుకోవడానికి ఏదైనా ఉన్న చోట నిలబడండి, లేదా కూర్చోండి. కళ్లు మూయొద్దు, నీళ్ల మీద ఒక చోట చూపు వాల్చండి. ముందు పాదాల కింద ఇంజిన్ అదురు గమనించండి. అది పిక్కల్లోకి, మోకాళ్లలోకి ఎక్కడిదాకా వస్తోందో చూడండి. తర్వాత ముఖానికి తగిలే గాలి. ఆ తర్వాత మీ ఊపిరి. దాన్ని పొడవు చేయాలని కూడా అనుకోవద్దు, వస్తున్నట్టే రానివ్వండి. వదిలిన ప్రతిసారీ ఒక అంకె లెక్కపెట్టండి, ఒకటి నుంచి పది వరకు. పది కాగానే మళ్లీ ఒకటి.

నాలుగు దాకా వెళ్లేసరికి మనసు పారిపోతుంది. ఈ బుధవారం టీకాలకు రాని పిల్లలు, 9వ తేదీ చెకప్‌కి తీసుకురావాల్సిన గర్భిణులు, ఆన్‌లైన్‌లో ఇంకా ఎక్కించని పేర్లు. పారిపోయిందని తెలిసిన క్షణంలో ‘ఆలోచన’ అని లోపలే ఒక మాట అనుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. పది నిమిషాల్లో ముప్పైసార్లు పారిపోయినా తప్పు చేసినట్టు కాదు. మళ్లీ వెనక్కి తేవడమే ధ్యానం, అదే సాధన. నాకు మనసు నిలవదు, నా వల్ల కాదు అని చాలామంది మొదటి వారంలోనే మానేస్తారు. నిలవని మనసుతోనే మొదలుపెట్టాలి, అందరిదీ అలాంటిదే.

పంటు లేనివాళ్లకి బస్సు ఉంది. సొంతంగా బండి నడుపుతూ మాత్రం ఎవరూ ధ్యానం చేయకూడదు.

మన చేతుల్లో ఒక ప్రాణం పోయినప్పుడు

పొలంలో పాము కరిచిన మనిషిని నాటు వైద్యం తర్వాత, ఆలస్యంగా తెస్తారు. కాలవలో పడిన పిల్లాడిని తెస్తారు. చేయాల్సిందంతా చేస్తాం, మిగలరు. బయట ఏడుపులు ఆగకముందే పక్క బెడ్ నుంచి పిలుపొస్తుంది. ఆ ప్రాణం తాలూకు బరువు దించుకునే చోటే ఉండదు, ఇంటికి మోసుకుపోతాం. నెలల తర్వాత ఏ అన్నం తింటున్నప్పుడో గుర్తొస్తుంది.

అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సు జొనాథన్ బార్టెల్స్ ఒక పద్ధతి మొదలుపెట్టారు. మరణం ప్రకటించాక, అక్కడ ఉన్న సిబ్బంది అంతా ఒక్క నిమిషం లోపు మౌనంగా నిలబడతారు. అంతే. మేం దాన్ని మా మాటల్లో ఇలా చేస్తున్నాం. ఎవరో ఒకరు, పెద్ద సిస్టర్ అయినా వార్డు బాయ్ అయినా, నెమ్మదిగా అంటారు: ‘ఈయన కోసం మన చేతనైనదంతా చేశాం. ఒక్కసారి ఆగుదాం.’ చేతులు కిందికి వదిలేసి నాలుగు ఊపిరులు నిలబడతాం. ప్రార్థన ఎవరిది వాళ్లు మనసులో చేసుకుంటారు. తర్వాత ఆయన దుప్పటి సర్ది బయటికి వెళ్లి కుటుంబంతో మాట్లాడతాం. మొదటిసారి చేసినప్పుడు మా హౌస్ సర్జన్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడవనివ్వాలి.

నైట్ డ్యూటీ తర్వాత నిద్ర

స్కూటీ మీద కాలవ గట్టు రోడ్డున ఇంటికి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. బయల్దేరే ముందు నిదానంగా ఊపిరి తీసే వ్యాయామం చేయకండి, నిద్ర ముంచుకొస్తుంది. కళ్లు మూతలు పడుతుంటే డ్యూటీ రూంలోనే 20 నిమిషాలు కునుకు తీసి, ముఖం కడుక్కుని, మత్తు పూర్తిగా వదిలాకే బయల్దేరండి.

ఇంటికెళ్లాక ఏదైనా తిని, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి. మన ఉక్కపోతకి ఫ్యాను గాలి సూటిగా తగిలేలా చూసుకోండి. వెల్లకిలా పడుకుని ధ్యాసను కాలి వేళ్ల దగ్గర పెట్టండి. గాలి వదులుతూ ఆ వేళ్లు పరుపులోకి బరువుగా దిగుతున్నట్టు వదిలేయండి. తర్వాత మడమలు. తర్వాత పిక్కలు, పన్నెండు గంటలు మనల్ని మోసింది అవే, వాటికి నాలుగైదు ఊపిరులు ఎక్కువ ఇవ్వండి. మోకాళ్లు, తొడలు, నడుము. పేషెంట్లను ఎత్తి తిప్పి పట్టేసిన నడుముని నేలకు అప్పగించినట్టు వదలండి. పొట్ట, ఛాతీ, వేళ్లు, భుజాలు, దవడ. నాలుక అంగిలికి అతుక్కుని ఉంటే దాన్ని కూడా వదులు చేయండి. మధ్యలో నిద్రపడితే ఇంకా మంచిది. మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ 1979లో రోగుల కోసం మొదలుపెట్టిన 8 వారాల ధ్యాన శిక్షణలో కూడా ఇలా పడుకుని చేసే సాధన ఉంది.

పిల్లలు ఇంట్లో ఉండి పగలు నిద్ర దొరకదు అనేవాళ్లు చాలామంది. ఇంట్లోవాళ్లతో ఒక్క మాట ముందే తేల్చుకోండి: ఈ నాలుగు గంటలు నన్ను లేపొద్దు అని. అది అడగడానికి మొహమాటపడకండి.

వరదల్లో, పెద్ద ఆపదల్లో

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17.75 లక్షలకు. లంకలకు పడవల్లో మందులు పట్టుకెళ్లినవాళ్లకి, నెలలు నిండినవాళ్లను ఒడ్డుకు చేర్చినవాళ్లకి ఆ వారం ఎలా గడిచిందో తెలుసు. అలాంటి రోజుల్లో పదినిమిషాల ధ్యానం గురించి ఆలోచించకండి. పడవ ఎక్కేముందు మూడు, దిగాక మూడు హమ్మయ్యలు. రాత్రి దొరికినంత నిద్ర. ధ్యానం నీళ్లు తీశాక మొదలుపెట్టుకోవచ్చు, అసలు బడలిక అప్పుడే బయటపడుతుంది.

ఇవి చూసుకోండి

తల తిరిగినా, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కినా గాలి ఎక్కువ తీస్తున్నారని అర్థం, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. ముఖానికి కాగితం సంచి పెట్టుకునే పాత చిట్కా వద్దు. గర్భిణులు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే పద్ధతులు, కపాలభాతి, భస్త్రిక చేయకండి. నాడీశోధన మంచిదే, కానీ వార్డులో వద్దు. ముక్కు మూయడానికి వేళ్లు ముఖం మీద పెట్టాలి, ఆ వేళ్లతో మనం ఏమేం ముట్టుకున్నామో మనకే తెలుసు. ఇంటికెళ్లి స్నానం చేశాక చేసుకోండి.

కళ్లు మూసుకుంటే పాత ఘటనలేవో కళ్ల ముందుకు వచ్చి భయం వేస్తుంటే, కళ్లు తెరిచి, పాదాలు నేలకు గట్టిగా నొక్కి, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఆ రోజుకి ధ్యానం ఆపేయండి.

ఇంకొకటి మనసులో పెట్టుకోండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్‌ని, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బుగా కాకుండా, పని చేసే చోట పుట్టే సమస్యగా పేర్కొంది. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి మీద పడితే ఎంత నిదానంగా ఊపిరి తీసినా ఆ రెండో మనిషి రాదు. ఖాళీలు నింపమని, ఆంప్యూల్స్ విడివిడిగా పెట్టమని, డ్యూటీ చార్టు ముందే ఇవ్వమని అడుగుతూనే ఉండాలి. నేను ఊపిరి వ్యాయామం చేసేది ఆ మాట వణుకు లేకుండా అడగడానికి కూడా.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, పేషెంటు ఏడుస్తున్నా మీలో ఏమీ కదలకపోయినా, నిద్రమాత్రలు మీకు మీరే వేసుకోవడం మొదలుపెట్టినా, బతకడం ఎందుకనిపించినా, వెంటనే డాక్టరుతో మాట్లాడండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మనం ఎంతమందికో ఆ మాట చెబుతాం, మన వంతు వచ్చినప్పుడు మనమూ చేయాలి.

మొదటి వారం హ్యాండ్‌రబ్ దగ్గరి ఊపిరి ఒక్కటే చేయండి. రెండో వారం దానికి లేబుల్ చదవడం కలపండి. మూడో వారం నుంచి డ్యూటీ మార్పిడిలో ఇంకొకరిని కలుపుకోండి. వచ్చే సిస్టర్ బ్యాగు పెట్టి, మీరు తాళాలు ఆమె చేతికిచ్చి, రిజిస్టర్ తెరిచే ముందు ‘అక్కా, మూడు’ అనండి. ఇద్దరూ మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి వదలండి. ఆ తర్వాత ఒకటో బెడ్ నుంచి చెప్పడం మొదలుపెట్టండి.